సామర్లకోట వైద్యుడు: విలియం రాక్స్‌బరో జీవితము

ఖిదిర్‌పూరులో కాపురముండు తెనుగు కుటుంబములలో శిబపూరు తోటను చూడనివారరుదు. దేశమునుండి చుట్టములు వచ్చినచో కాళీఘట్టమును, జంతుశాలను చూపిన పిమ్మట, హుగ్లీనది దాటించి ఆ తోటలోని మహావటవృక్షమును చూపుట మనలో ఆచారమైపోయినది. ఒక్క చెట్టే అడవియై నిలిచిన ఆ మఱ్ఱిని చూచి అచ్చెరువొంది, ఊడలు లెక్కింపబోయి విసిగి, తెచ్చుకొన్న పులిహోర ఆరగించి తిరిగి వత్తుము. ఆ తోటను ఇరువది సంవత్సరములు పెంచి పెద్దచేసిన దొర అంతకుముందు పండ్రెండేండ్లు మన గోదావరి సీమలో, సామర్లకోటలో కాపురమున్నవాడనియు, ఆయన చెట్ల విద్యలో చాల భాగము తెనుగు రైతులకడ, వైద్యులకడ, అడవి మనుష్యులకడ నేర్చినదే యనియు మనలో పలువురెరుగరు. ఆయన పేరు విలియం రాక్స్‌బరో. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని ఆయనను లోకము కొనియాడును.

తోటను నాటినవాడు మాత్రము వేరొకడు. కర్నల్ రాబర్టు కిడ్ అను సైనికోద్యోగి 1786లో కుంపిణీ ప్రభుత్వమునకు ఒక విన్నపము పంపెను. అప్పటికి పదునారేండ్ల క్రిందట, 1770లో, వంగదేశమును గొప్ప కరవు తుడిచిపెట్టినది. ప్రజలలో మూడవ వంతు నశించిరని నాటివారి అంచనా. వరి ఒక్కదానిమీదనే ఆధారపడిన దేశమునకు, వాన తప్పిననాడు ఆదుకొను చెట్లు కొన్ని కావలెననియు, మలయా ద్వీపములనుండి సాగో తాళమును, పశ్చిమ దేశములనుండి ఖర్జూరమును తెచ్చి పెంచవలెననియు కిడ్ తలచెను. కుంపిణీ అధికారులు 1787లో సమ్మతించిరి. అయితే వారి సమ్మతికి కరుణ యొక్కటియే కారణమనుకొనరాదు. మిరియము, ఏలకి, లవంగము, ఓడలకు పనికివచ్చు కలప, ఇవన్నియు అక్కడ పండునన్న ఆశ వారికి మెండుగా నుండెను. ఆకలి తీర్చు చెట్టును, లాభము తెచ్చు చెట్టును ఒకే మడిలో నాటిరన్నమాట. ఖిదిర్‌పూరు పేరు కిడ్ వంశీయుల పేరునుండి వచ్చినదని కొందరందురు. జేమ్స్ కిడ్ అను నౌకానిర్మాత ఇచ్చట ఓడలు కట్టించిన మాట నిజమే. జలములకు అధిపతియగు ఖ్వాజా ఖిజ్ర్ పేరునుండి వచ్చినదని మరికొందరు చెప్పుదురు. ఓడలరేవునకు ఈ రెండవ కథయే అందముగానున్నదని నా తలంపు.

రాక్స్‌బరో పుట్టినది 1751లో, స్కాట్లండు దేశపు ఐర్‌షైరు మండలములోని క్రెయిగీ అను గ్రామసీమలో. ఆ సంవత్సరముననే పారిసు నగరమున దిదెరో మహాశయుని విజ్ఞానసర్వస్వము మొదటి సంపుటము వెలువడెను. మరి రెండేండ్లకు స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు ప్రపంచములోని ప్రతి మొక్కకును రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. యూరపు ఖండమునకు అది మేధస్సు వెలిగిన కాలము. కాని ఆ వెలుగు క్రింద ఎంత చీకటి యుండెనో పాఠకులు తలచుకొనవలెను. 1755లో లిస్బను నగరము భూకంపమునకు కూలి, వేలకొలది జనము నేలపాలయ్యెను. 1770 మొదలు 1772 వరకు బొహీమియా, సాక్సనీ దేశములలో కరవు కాటకములు తాండవించెను. లివర్‌పూలు, నాంత్ రేవులనుండి బయలుదేరిన ఓడలు ఆఫ్రికా ప్రజలను బానిసలుగా పట్టి అమెరికా ద్వీపములకు చేర్చుచుండెను. స్విట్జర్లండులో అన్నా గోల్డి అను పనిమనిషిని మంత్రగత్తె యని నిందమోపి 1782లో శిరచ్ఛేదము గావించిరి. అప్పటికి మన రాక్స్‌బరో సామర్లకోటలో భారమితివంటి శాస్త్రపరికరములతో కూర్చుండి గాలి బరువు కొలుచుచున్నాడు. ఆయన పుట్టిన దేశములో బొగ్గుగనుల కూలీలు జీవితాంతము గనికి కట్టుబడియుండవలెననునది చట్టము. 1775లో ఒక చట్టము, 1799లో మరియొకటి చేసినగాని వారికి పూర్తి విముక్తి కలుగలేదు.

ఎడిన్‌బరో నగరమున రాక్స్‌బరో వైద్యమభ్యసించెను. అచ్చట జాన్ హోప్ అను ఆచార్యుడు వృక్షశాస్త్రము బోధించుచు, లిన్నేయసు పద్ధతిని స్కాట్లండున వ్యాపింపజేసినవాడు. ఆ కాలమున వైద్యునకు మొక్కల జ్ఞానము మందుల జ్ఞానములో సగము. కనుక ఔషధము నేర్వబోయిన బాలుడు వనమునకు అంకితుడైపోయెను. కుంపిణీ ఓడలలో వైద్యసహాయకుడుగా సముద్రయానములు చేసి, 1776లో చెన్నపట్టణమున సహాయ వైద్యుడుగా కొలువు సంపాదించెను. వచ్చినది మొదలు ఆయనకొక అలవాటు. ప్రతిదినము నియమితవేళలకు ఉష్ణమును, గాలి బరువును, గాలి వీచు దిక్కును, పడిన వానను కొలిచి వ్రాసికొనుచుండెను. సంధ్యావందనము తప్పని శ్రోత్రియునివలె ఈ పనిని తప్పలేదు. చెన్నపట్టణపు లెక్కలు 1778లో లండను రాజశాస్త్రసమితి పత్రికలో అచ్చుపడెను. ఎందులకీ లెక్కలని ఆనాడు నవ్వినవారుండిన నుండవచ్చును. ఆ విషయము ముందు చెప్పెదను.

1781లో ఆయనను సామర్లకోటకు పంపిరి. పెద్దాపురము దాపుననున్న ఆ యూరిలో అప్పుడు కోటయు, కుంపిణీ దండును ఉండెను. రోగులను చూచుకొనుచు, మిగిలిన ప్రొద్దు తోట వేసికొనుచు ఆయన కాలము గడపెను. ఆ సీమలోనే ఆయనకు గురుతుల్యుడగు మిత్రుని తుదిదినములు చూచు దుఃఖము కలిగెను. యోహాను కేనిగ్ అను ఆయన లిన్నేయసు శిష్యుడు. 1768లో తరంగంబాడికి మిషనరీల వైద్యుడుగా వచ్చి, మొక్కల పిచ్చితో ఆర్కాటు నవాబు కొలువున, పిదప కుంపిణీ కొలువున చేరినవాడు. దక్షిణాపథమంతయు కాలినడకన తిరిగి, తినీతినక, ఉన్న రూకలను పుస్తకములకే వెచ్చించి, 1785లో కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురమున అతిసారముచే పడకవేసెను. రాక్స్‌బరో దగ్గర కూర్చుండి చికిత్స చేసెను. ఫలము లేకపోయెను. స్వీడనులో ఉప్సాలా నగరపు తోటలో పుట్టిన ఒక విద్య ఇట్లు కాకినాడ ఇసుకలో ఒక గురువును పోగొట్టుకొని, మరియొకని చేతికి వచ్చినది. కేనిగ్ పిమ్మట కుంపిణీ ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి విశాఖపట్టణములోనుండిన పాట్రిక్ రస్సెలునకు దక్కెను. పాములను గూర్చి గ్రంథము వ్రాసిన రస్సెలు ఇతడే. రక్తపింజరికి ఆంగ్లమున నేటికిని ఆయన పేరే. ఆయన స్వదేశమునకు వెడలిన తరువాత, 1789లో, ఆ పదవి రాక్స్‌బరోకు వచ్చెను.

సామర్లకోటలో రాక్స్‌బరో పని చేసిన తీరును కొంచెము వివరింపవలెను. ఒక మొక్కను చూచినప్పుడు దానికి లాటిను పేరు పెట్టుటకు ముందు తెనుగు పేరేమని అడుగును. ఏ నేలలో పెరుగును, ఏ నెలలో పూచును, బెరడు దేనికి, వేరు దేనికి, పసరము తినునా తినదా, ఈ ప్రశ్నలన్నియు వేయును. బదులు చెప్పువారు రైతులు, నాటువైద్యులు, అద్దకపువారు, కొండలలోని కట్టెలవారు. వారి పేర్లు ఆయన గ్రంథములలో లేవు. వారు చెప్పిన పేర్లు మాత్రమున్నవి. చిరివేరు అను చిన్న మొక్క వేరునుండి కోరమండల తీరపు ఎఱ్ఱని కలంకారీ రంగు ఎట్లు వచ్చునో ఆయన సాకల్యముగా వ్రాసెను. పాలచెట్టు ఆకులనుండి నీలిమందు తీయవచ్చునని ప్రయోగములు చేసెను. సామర్లకోటకు ఉత్తరముననున్న కొండలలో అడవిమిరియమును కనుగొని, దానితో మిరియపు తోట నాటించెను. కుంపిణీకి మలబారు మిరియముపై నున్నంత మోహము మరి దేనిపైనను లేకుండెను. ఆ తోటపై వారు పెట్టుకొన్న ఆశలు ఫలింపలేదు.

సోమిద చెట్టు కథ నాకు మిక్కిలి ప్రీతి. ఆ కాలమున చలిజ్వరమునకు మందు పెరూ దేశపు సింకోనా బెరడొక్కటే. అది దక్షిణ అమెరికానుండి స్పెయిను మీదుగా రావలెను. అది ధనవంతుల మందు. మన్యపు జ్వరముతో కునారిల్లు సిపాయికి, కూలివానికి దొరకునది కాదు. మన కొండలలోని సోమిద బెరడు చేదుగానుండి జ్వరమునకు వాడుకలోనున్నదని రాక్స్‌బరో తెలిసికొని, రోగులకిచ్చి చూచి, దానికి జ్వరహరమను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టెను. అది సింకోనాకు సాటిరాలేదు. కాని 1830లో ఫ్రెంచి పండితుడొకడు ఆ చెట్టును వేరు కులముగా విడదీసినప్పుడు తెనుగు మాటనే కులనామముగా తీసికొని సోయ్‌మిదా అని వ్రాసెను. ప్రపంచములోని వృక్షశాస్త్రజ్ఞులందరును నేడు ఆ చెట్టును మన తెనుగు పేరుతోనే పిలువవలసినవారు.

మొక్కల బొమ్మలు వ్రాయుటకు ఆయన దేశీయ చిత్రకారులను కొలువులో పెట్టుకొనెను. బట్టలపై పువ్వులు తీర్చిన చేతులు కాగితముపై పువ్వులోని కేసరములను విడదీసి చూపుట నేర్చెను. ఆ చిత్రములలో మూడువందలు లండను రాజశాస్త్రసమితి అధ్యక్షుడగు సర్ జోసెఫు బ్యాంక్సు పర్యవేక్షణమున, కుంపిణీ ఖర్చున, కోరమండల తీరపు మొక్కలు అను గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడెను. సంపుటములపై బ్యాంక్సు పేరును, రాక్స్‌బరో పేరును కలవు. వ్రాసిన కుంచెవాని పేరు లేదు. ఇది ఆనాటి ఆచారమని సరిపెట్టుకొనుటకు నా మనసొప్పదు.

ఇక చెఱకు సంగతి. 1791లో ఫ్రెంచివారి సాన్ దొమింగు ద్వీపమున బానిసలు తిరుగబడిరి. ఐరోపాలో పంచదార ధర మండిపోయెను. అదే సమయమున ఇంగ్లండులో పలు కుటుంబములు బానిసల చెమటతో చేసిన పంచదార తినమని శపథము పట్టిరి. అంతట కుంపిణీవారికి, హిందూదేశమున పంచదార ఎట్లు చేయుదురను ఆసక్తి కలిగెను. రాక్స్‌బరో రాజమండ్రి సర్కారులోని చెఱకు సేద్యమును గూర్చి వ్రాసిన నివేదిక మన గోదావరివారు చదివి సంతోషింపదగినది. పెద్దాపురము, పిఠాపురము జమీందారీలలో ఏలేరు ఒడ్డున చెఱకు తోటలుండెను. ఏరు చిన్నదే యైనను ఏడాది పొడుగునను పారునదగుటచే చెఱకునకే కాక వరికి, అల్లమునకు, పసుపునకు, మిరపకును నీరు చాలియుండెను. ఒకే నేలలో వరుసగా చెఱకు వేయక, మూడు నాలుగేండ్లకొకసారి మాత్రమే వేసి, నడుమ అపరాల పైరులతో నేలకు బలము తెచ్చుటను ఆయన గమనించి మెచ్చుకొనెను. గడలు ఎదుగగనే క్రింది ఆకులను గడచుట్టును చుట్టి, వెదురుకట్టకు ఆనించి కట్టుటను చూచి, ఇంత శ్రద్ధ మరి యే దేశమునను లేదని తలచెను. వేసవి చివర నాటిన చెఱకు తొమ్మిది నెలలకు, సంక్రాంతి దాటగనే, గానుగకెక్కును. కొయ్యగానుగ, మట్టిపొయ్యి, ఒక పెనము, ఎడ్లజత, ఇంతకంటె సరంజామా లేదు. పడమటి ద్వీపములలో వేలకొలది బానిసలను, ఇనుప యంత్రములను, కొరడాలను పెట్టి చేయు పనిని, స్వంత మడిలో స్వతంత్రుడగు రైతు ఇంత చవుకగా చేయుచున్నాడని ఆయన నివేదించెను.

ఈ సత్యము వలన బానిసత్వము పోయినదని చెప్పుటకు వీలులేదు. బ్రిటిషువారు బానిసల వ్యాపారమును 1807లో మాన్పిరి. బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో చేసిరి. తరువాత జరిగినదేమి? ఆ ద్వీపపు తోటలకే మన దేశమునుండి కూలీలను ఒప్పందముపై కొనిపోయిరి. రాక్స్‌బరో చెఱకు చూచిన ఏలేటికి కూతవేటు దూరములోని కోరంగి రేవునుండి తెనుగువారు మారిషసునకు ఓడలెక్కిరి. అచ్చట తెనుగువానికి కోరంగివాడని పేరు పడినది అందుచేతనే. హుగ్లీ ఒడ్డున, మన గార్డెన్‌రీచి కూలిడిపోలనుండి బిహారువారు, వంగీయులు అట్లే వెడలిరి. కాని అప్పటికి రాక్స్‌బరో జీవించిలేడు.

1787లో తీరమును ఉప్పెన ముంచినది. రాక్స్‌బరో అంతవరకు పది యేండ్లు కూర్చుకొన్న ఎండుమొక్కలు, పుస్తకములు, వ్రాతప్రతులు కొట్టుకొనిపోయెను. పండితునకు ఇంతకంటె పెద్ద నష్టముండదు. కాని ఊళ్లు పోయినవారి యెదుట ఇదేమి నష్టము? ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. 1789 డిసెంబరులో, అనగా పారిసు జనులు బాస్తీలు కోటను కూలద్రోసిన సంవత్సరముననే, కోరంగిపై మూడు మహాతరంగములు వరుసగా విరుచుకొనిపడినవి. ఓడలు ఊరిలోనికి కొట్టుకొనివచ్చెను. ఇరువదివేల మంది చనిపోయిరని చెప్పుదురు. అరువది యేండ్ల తరువాత కలకత్తాలో ఓడల విచారణాధికారిగా నుండిన హెన్రీ పిడింగ్‌టన్ ఇటువంటి సుడిగాలులను పరిశీలించి, వానికి సైక్లోను అను పేరు కల్పించెను. ఆయన చర్చించిన తుపానులలో ఈ కోరంగి తుపాను ముఖ్యమైనది.

నీరు ముంచిపోయిన వెంటనే నీరు కరవైనది. 1789 మొదలుకొని వరుసగా వానలు తప్పెను. 1791, 1792 సంవత్సరములు వచ్చునప్పటికి ఉత్తర సర్కారులు, నిజాము రాజ్యము, మహారాష్ట్రము ఒక్కటిగా మాడిపోయెను. దక్కనులో దీనిని డోజీబరా అనిరి. పుఱ్ఱెల కరవని దాని యర్థము. చచ్చినవారిని పూడ్చుటకు బ్రదికినవారికి బలము లేక, ఎముకలు బయళ్లలో పడియుండుటచే ఆ పేరు వచ్చెనందురు. ఇదంతయు సామర్లకోటలోని వైద్యుడు కన్నులార చూచెను. ఆయన చేతిలో నున్నది వానకొలత గాజుగొట్టము, ఒక కుంచె, ఒక కలము.

ఆ కరవులో పేదలు ఏమి తినిరో వ్రాసిపెట్టినవారు అరుదు. రాక్స్‌బరో వ్రాసెను. మన తీరమందలి ఇసుకనేలలలో, చిట్టడవులలో చిట్టీత యను పొట్టి యీతచెట్టున్నది. దాని మాను అడుగో, అడుగున్నరయో మాత్రముండి, ఆకుమట్టల మధ్య దాగియుండును. మామూలు దినములలో దాని ఆకులతో చాపలల్లుదురు. మట్టలు చీల్చి బుట్టలల్లుదురు. కరవు దినములలో ఆ మానునే నరికి, పై మట్టలు ఒలిచి, లోపలి దూటను ఆరెనిమిది చీలికలుగా చీల్చి, ఎండబెట్టి, రోటిలో దంచి, జల్లించుదురు. పీచు పోగా మిగిలిన పిండిని గంజిగా కాచుకొని త్రాగుదురు. సాగోవలె అది రుచికరము కాదు. చేదు. బలమును తక్కువ. అయినను 1791 చివరను, 1792 మొదటను, మరల తాను వ్రాయుచున్న 1792 మే నెలలోను, ఈ గంజియే ఎందరి ప్రాణములనో నిలిపినదని ఆయన వ్రాసెను. బియ్యము కొనలేని ధరకు ఎక్కెను. పెక్కుమార్లు ఎంత ధరకైనను దొరకలేదు. అదృష్టవశమున ఈ చెట్టు సముద్రతీరమున విస్తారముగా నున్నదనియు, వండు తీరు కొంచెము మెరుగుపరచినచో చేదు తగ్గవచ్చుననియు తెలిపెను. ఆ చెట్టునకు ఆయన పెట్టిన లాటిను పేరునకు పిండినిచ్చునదని అర్థము.

శాస్త్రగ్రంథములో పువ్వు కొలతలు, కేసరముల సంఖ్య చెప్పుచున్నచోటనే, నెలయు సంవత్సరమును వేసి, ఆకలిగొన్నవాని రోటిచప్పుడును వినిపించినవాడితడు. సామర్లకోట దండులోని ఇతర దొరలు ఆ మే నెలలో ఏమి వ్రాసికొనిరో మనకు అక్కరలేదు. ఈ యొక్క పుటకు నేను రాక్స్‌బరోకు చేతులెత్తి నమస్కరింతును. అయితే ఆయనను ఋషిని చేయుట నా యుద్దేశము కాదు. ఆయన కుంపిణీ జీతగాడు. కుంపిణీ ఈ దేశమునుండి శిస్తు వసూలుచేసి బ్రదుకునది. ఆయనయు స్వంతముగా వర్తకము సాగించి ధనమార్జించెను. పంట పోయిన యేట శిస్తు ఎవరు కట్టవలెనను ప్రశ్నను ఆయన మొక్కల గ్రంథములు తాకవు.

కాని ఊరకుండలేదు. కొబ్బరి, పనస, సాగో తాళము, సీమపనస మొదలగు వానిని విరివిగా నాటించి, వానపై నమ్మకము లేని పైరులకు తోడు చేయవలెనని చెన్నపట్టణపు ప్రభుత్వమునకు వ్రాసెను. ఇట్టి కరవులు పూర్వము వచ్చెనా యని విచారింపగా, పిఠాపురము రాజుగారి ఆశ్రయమునందలి బ్రాహ్మణులు పాత వ్రాతలు వెదకి, సుమారు నూరేండ్లకు ముందు ఏండ్ల తరబడి వానలు లేక ఇట్లే దేశము నశించినదని తెలిపిరి. దానిని ఆయన తన లెక్కలతోపాటు నమోదు చేసెను. ఐరోపా పండితుని గాజుగొట్టమును, పిఠాపురపు తాటియాకును ఒకదానికొకటి సాక్ష్యమైనవి. సీమపనస విషయమున ఒక వింత కలదు. అదే ఫలవృక్షమును బ్యాంక్సు దొర పసిఫికు ద్వీపములనుండి తెప్పించుటకు 1787లో బౌంటీ యను ఓడను పంపెను. నావికులు తిరుగబడుటచే ఆ యాత్ర చెడి, రెండవ యాత్రతో 1793లో చెట్లు పడమటి ద్వీపములకు చేరెను. అవి అచ్చటి బానిసలకు చవుకగా తిండి పెట్టుటకు! ఒకే చెట్టు, ఒకే శాస్త్రము, రెండు తలంపులు.

ఆయన వానలెక్కల ప్రయోజనము రెండువందల యేండ్లకు తెలిసినది. 1998లో రిచర్డు గ్రోవ్ అను చరిత్రకారుడు రాక్స్‌బరో వ్రాసిపెట్టిన సంఖ్యలను ఇతర దేశముల వృత్తాంతములతో కలిపి చూచి, 1789 మొదలు 1793 వరకు ప్రపంచమంతటను పీడించిన ఎల్ నీనో ఒకటి గలదనియు, మన కరవు దానిలోని భాగమనియు నిరూపించెను. సామర్లకోట జనులకు ఆ జ్ఞానము వలన గ్రుక్కెడు గంజియు రాలేదు. కరవు పోయిన వెంటనే మైకేల్ టాపింగ్ అను ఖగోళజ్ఞుడు గోదావరీ కృష్ణా నదులనుండి కాలువలు తీయవచ్చునని సర్వే చేసి చెప్పెను. ఆయన 1796లో బందరున చనిపోయెను. కాగితములు బీరువాలలో నిద్రించెను. 1832, 33లలో నందన కరవు గుంటూరు సీమను మాడ్చెను. ధవళేశ్వరమున కాటను దొర ఆనకట్టకు 1847లో గాని పునాది పడలేదు. తెలిసినదానికి, చేసినదానికి నడుమ అర్ధశతాబ్దము.

కిడ్ 1793లో మరణించెను. ఆ తోటకు అధికారిగా, జీతముతో నియమింపబడిన మొదటి పూర్తికాలపు ఉద్యోగిగా రాక్స్‌బరో ఆ సంవత్సరమే కలకత్తాకు వచ్చెను. 1795లో నదియొడ్డున ఆయన కట్టించుకొన్న మేడకు రాక్స్‌బరో భవనమనియే పేరు. తోట చేతికి వచ్చునాటికి మూడువందలకు కొంచెము అటునిటుగా నుండిన మొక్కల జాతులు, ఆయన విడుచునాటికి మూడువేల అయిదువందల వరకు పెరిగెను. జమైకానుండి మహాగని వచ్చెను. మొలుక్కా ద్వీపములనుండి జాజికాయ, లవంగము వచ్చెను. ఫ్రెంచివారితో యుద్ధము సాగుచుండుటచే ఇంగ్లండు నౌకాదళమునకు త్రాళ్లు పేనుటకు రష్యా జనుము దొరకునో లేదో యను భయముండెను. రాక్స్‌బరో జనుము, గోగు మొదలగు నారలన్నిటిని తెచ్చి, త్రాళ్లు పేనించి, బరువులు వ్రేలాడదీసి, నీట నానబెట్టి, ఏది ఎంత మోయునో పట్టికలు వేసెను. వంగదేశపు పల్లెలలో గోనెలకు మాత్రమే వాడు పాట్ నారను జూట్ అను పేరుతో విలాయతికి పంపినవారిలో ఆయన ముందువాడు. ఆ నార ముందు ముందు హుగ్లీ ఒడ్డుల రూపమునే మార్చివేసెను. ఆ మిల్లులలో చెమటోడ్చుటకు గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల నుండి ఎన్ని వేల తెనుగు కుటుంబములు తరలివచ్చెనో మన సమాజమునకు చెప్పనక్కరలేదు.

నదికి ఎగువ శ్రీరామపురమున మిషనరీ విలియం కేరీ యుండెను. చెప్పులు కుట్టుటతో జీవితమారంభించి బహుభాషాపండితుడైన ఆ కేరీకి తోటలన్నను ప్రాణమే. ఇరువురకును గాఢమైత్రి కలిగెను. ఒక చెట్ల కులమునకు రాక్స్‌బరో కేరీ పేరు పెట్టెను. 1813లో ఆరోగ్యము పూర్తిగా చెడి రాక్స్‌బరో దేశము విడుచునప్పుడు తన వ్రాతప్రతులను కేరీ చేతిలో పెట్టెను. మరుసటి యేడు శ్రీరామపురపు ముద్రాక్షరశాలనుండి తోటలోని మొక్కల పట్టిక వెలువడెను. అదే 1814లో, అదే ముద్రాక్షరశాలనుండి కేరీ వ్రాసిన తెనుగు వ్యాకరణమును వెలువడినది. వంగదేశపు నదీతీరమున ఒకే యేట తెనుగు భాషకు వ్యాకరణమును, తెనుగు సీమలో విద్య నేర్చిన పండితుని పట్టికయు అచ్చగుట కాకతాళీయమే. అయినను మనకు మురిపెము గొలుపును.

కలకత్తాలో ఆయన ఆరోగ్యము ఎన్నడును చక్కగా నుండలేదు. నడుమ రెండు మారులు స్వదేశమునకు పోయి వచ్చెను. మూడు మారులు వివాహము చేసికొనెను. చివరి ప్రయాణమున గుడ్‌హోపు అగ్రమునను, సెయింటు హెలీనా ద్వీపమునను ఆగి, మంచము పట్టవలసిన దేహముతోనే ఆ ద్వీపపు మొక్కల పట్టిక తయారుచేసెను. నెపోలియను ఆ ద్వీపమునకు బందీగా వచ్చుటకు ముందటి మాట యిది. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూసెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి యున్నది.

ఆయన మహాగ్రంథము, భారతీయ వృక్షజాలము, ఆయన కన్నులారా చూడలేదు. కేరీయును, తరువాతి తోటాధికారి వాలిచును చేర్చుకూర్పులతో 1820లోను, 1824లోను రెండు సంపుటములు తెచ్చిరి. పిమ్మట రాక్స్‌బరో కుమారులు పూనుకొని, తండ్రి వ్రాసినది వ్రాసినట్లుగా 1832లో మూడు సంపుటములు ప్రకటించిరి. అందులో పుట పుటకును సంస్కృతము, వంగభాషలతో పాటు తెనుగు పేర్లు కనిపించును. ఆయన వ్రాయించిన రెండువేల అయిదువందలకు పైగా చిత్రముల ప్రతులు ఒకటి లండను దగ్గర క్యూ తోటలోను, ఒకటి మన శిబపూరు తోటలోను కలవు. ఆ తోటకు 2009లో ఆచార్య జగదీశచంద్ర బోసు పేరు పెట్టిరి.

చిట్టీతకు రాక్స్‌బరో పెట్టిన పేరు నేడు చెల్లదు. గేర్ట్‌నర్ అను జర్మను పండితుడు 1788లోనే దానికి వేరొక పేరు పెట్టియుండెను. ముందు పెట్టిన పేరే నిలువవలెనని శాస్త్రజ్ఞుల నియమము. ఆ పేరునకు చిన్నదని మాత్రమే అర్థము. గేర్ట్‌నర్ ఆ చెట్టు కాయను చూచెను గాని, కరవును చూడలేదు.